ఎద్దు కోసం వేసిన వేలిముద్ర

సెప్టెంబరు 3, జగదల్‌పూర్
క్రిమినాలజీ క్లాసులో సారు పాత చార్జిషీటు నకళ్ళు పంచారు. పేర్లన్నీ నల్ల ఇంకుతో కొట్టేసి ఉన్నాయి. వేలిముద్రలు కొట్టేయలేదు. మూడో పేజీలో సాక్షి బొటనవేలు... అడ్డంగా గొడ్డలి గాటు. కింద మా ఊరి పేరు. నాయన వేలు. నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను.

సెప్టెంబరు 4
ఊరు, తేదీ చూస్తే మా పక్కింటి రాములు మామ కేసే. మామ ఇంట్లో నక్సలైట్ల మందుపాతరలకు వాడే వైరు కట్ట దొరికిందట, పోలీసులు నాయన ఎదురుగానే తీశారట. మామ రెండేళ్ళుగా ఇక్కడి జైల్లోనే. హాస్టల్ నుంచి నడిచిపోవచ్చు. ఒక్కసారీ వెళ్ళలేదు.

సెప్టెంబరు 6
నాయనకు ఫోన్. మా ఊళ్ళో సిగ్నల్ లేదు, గొల్లపల్లికి వచ్చినప్పుడే దొరుకుతాడు.
"ఎద్దు తప్పిపోయిందని రాయిద్దామని ఠాణాకు పోయిన గదా బిడ్డా. రెండు కాయితాలిచ్చిన్రు. రెండిటి మీద ఏలేసిన. రెండూ ఎద్దుకే అనుకున్న."
— రెండోది తెల్ల కాయితమా?
"ఏమో. నాకు సదువొస్తదా ఏంది?"
మామను పట్టుకుపోయింది ఆ మర్నాడే. అంతకుముందు రెండు రోజులు నాయనతో అడవంతా తిరిగి ఎద్దును వెతికింది ఆయనే.

సెప్టెంబరు 9
ఏడుపు రావడం లేదు. మెస్‌లో వంకాయ కూర. తిన్నాను.

సెప్టెంబరు 12
పరీక్ష. సాక్షి మాట మారిస్తే ఏమవుతుంది — ఐదు మార్కులు. బాగా రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. కాసేపే.

సెప్టెంబరు 17
సాక్ష్యానికి రమ్మన్న కోర్టు సమను పట్టుకొని నాయన దిగాడు. దారిలో తోంగ్‌పాల్ దగ్గర బస్సు చెడిపోయి మూడు గంటలు రోడ్డు మీదే.
"రేపు కోర్టుల ఏం జెప్పాలె బిడ్డా? సదువుకున్నదానివి."
చూడలేదని చెప్పు, అన్నాను.
"చెప్త. మల్ల సంతకు ఆ ఠాణా ముందల్నించే గదా పోవాలె."
నేను రాసిన ఐదు మార్కుల జవాబులో ఆ ఠాణా లేదు.

సెప్టెంబరు 18, కోర్టు వరండా
మామను తెచ్చారు. జుట్టంతా నెరిసింది. నాయన బొటనవేలు గుప్పిట్లో దాచుకొని తల వంచుకున్నాడు. తన కేసు కాయితం మీద ముద్ర ఆ వేలిదేనని మామకు తెలియదు. దగ్గరికి రాగానే నవ్వాడు.
"ఎద్దు దొరికిందా బావా?"
నాయన తల ఎత్తకుండానే—
"దానంతటదే ఒచ్చింది."
"మంచిగైంది" అన్నాడు మామ. లోపలికి తీసుకుపోయారు.
ఇప్పుడు నాయన పేరు పిలుస్తున్నారు. రెండోసారి. నా ముఖంలోకే చూస్తున్నాడు... లేవడం లేదు.