కంచె సందులో పెట్టిన ముద్ద

కొండ మీది కెప్టెన్ బాబుకి,

కొండ కింది మల్‌సూన్ దండాలు పెట్టి రాసుకునేది. సరిహద్దు అవతలివాళ్లని కనిపెట్టి చూడాలని మీ దేశపు సైన్యం మా కొండ తీసుకుంది. మంచిదే. కానీ మా అబ్బాయి సంగ్‌హో సమాధి మీ కంచె లోపల పడిపోయింది. వాడూ సిపాయే. సరిహద్దు కాపలాలో లారీ బోల్తాపడి పోయాడు, ఇరవై రెండేళ్లకే. పోయినవాళ్లకి కూడు పెట్టే ఛూసోక్ పండగలోపు సమాధి మీద గడ్డి కోయకపోతే వాడికి అమ్మ లేదనుకుంటారు. ఒక్క పూట రానివ్వండి.

మల్‌సూన్

తా.క. చేతిలో కొడవలి ఉంటుంది. కంగారుపడి సైరను మోగించకండి.

* * *

గౌరవనీయులైన మల్‌సూన్ గారికి,

బయటివారికీ, కొడవళ్లకూ ప్రవేశం లేదు. సైనికుల దగ్గరి బంధువులకు మాత్రమే ఆదివారం పాసు ఇస్తాం. క్షమించాలి. అయితే రోజూ పొద్దున కంచె సందులోంచి మీరు తోసే అన్నం, ఎండుచేప, సారా మా కుర్రాళ్లకు చక్కగా అందుతున్నాయి. ఈ ఊరు మా స్థావరాన్ని ప్రేమగా ఆహ్వానిస్తోందని పైవాళ్లకు రాశాను. మీ ఫొటో పత్రికలో వేయించాను.

భవదీయుడు,
కెప్టెన్ రోర్క్

తా.క. సారా గ్లాసు కాస్త పెద్దదైతే బాగుంటుందని కుర్రాళ్ల మనవి.

* * *

ఓరి నా కెప్టెన్ బాబూ,

అది మా వాడికి పెట్టిన కూడయ్యా! లోపలికి రానివ్వట్లేదని సమాధి వైపు తిప్పి పెడుతున్నా. మీ పత్రిక చూసి, స్థావరం వద్దంటున్న సంఘం పెద్ద "ఎండుచేపకి కొండనే అమ్మేశావా అత్తా?" అని వీధిలో అరిచాడు. స్థావరం కావాలంటున్న సంఘంలోని సారా కొట్టువాడు నా మెడలో దండేసి "ఇంకో రెండు స్థావరాల్ని పిలువు పిన్నీ" అన్నాడు. నేను పట్టాల్సింది కొడవలి గానీ వీళ్ల జెండాలా?

మా ఆచారం వినండి. సమాధికి పెట్టింది తిన్నవాడు ఆ ఇంటి మనిషే. ఇంటి మనిషైతే గడ్డి కోయాలి. ఎంతమంది తిన్నారో పేర్లు పంపండి.

మల్‌సూన్

తా.క. చేప తలకాయ కూడా మిగలనప్పుడే అనుమానం వచ్చింది. మా వాడు తల ముట్టేవాడు కాదు.

* * *

అమ్మకు,

తిన్నవాళ్లు పద్నాలుగు మంది. పదిహేనోవాణ్ణి నేను. మీ ఆచారం రాసి పంపితే పైవాళ్లు మూడు రోజులు తలలు పట్టుకుని, "బంధువే అయితే పాసు ఇవ్వక తప్పదు" అన్నారు. మీ పేరునే పదిహేను పాసులు జతచేశాను. బంధుత్వం అన్నచోట అందరం "తల్లి" అని రాసి సంతకాలు చేశాం. ఆదివారం రండి. కొడవలి గేటు దగ్గర నా చేతికివ్వండి. లోపలికి తేవడానికి నాకు అనుమతి ఉంది. కోయడం మీరే నేర్పాలి.

మీ పదిహేనోవాడు,
రోర్క్

తా.క. ఒక్క తల్లికి పదిహేనుమంది కొడుకులా అని పైవాళ్లు నిలదీశారు. తప్పు, పదహారుమంది అని సరిదిద్దాను.