పొయ్యి కాడి గాలి

ఆర్మూర్, 12-2-2006

అమ్మా, నేను మంచిగున్న. నా బిడ్డ కృపకు దగ్గు తగ్గిందా? జాన్ తమ్మునితోని జల్ది జవాబు రాయించు, నాకు నిద్ర పడ్తలేదు.

మా మెస్సుల పొయ్యి మీద పొగ గుంజే చిమ్నీ పెట్టిండ్రు. అయినా మిరపకాయల పోపేస్తే, పసుపు అమ్మనీకి వచ్చిన రైతులంత ఒకటే దగ్గుడు. మిషన్ ఖరాబున్నదని సేటు లొల్లి చేసిండు. నిన్న కరెంటు పోయింది. చిమ్నీ జనరేటర్ మీద నడిచింది గని, నా పక్కన ఫ్యాను ఆగింది. గంతే, పొగంత సక్కగ చిమ్నీలకే పోయింది! ఇన్నొద్దులు గా ఫ్యానే పొగను గదంత ఊదింది. ఇప్పుడు ఫ్యాను బంద్ చేసి, ఎనుక తలుపు తీసి వండుతున్న. చెమటలు కారుతున్నయి గని దగ్గు లేదు.

నువ్వేమో కోళ్లొస్తయని తలుపు పెట్టి వండుతవు. గాలి లోపలికి రాకుంటే పొగ పెంకుల సందుల నుంచి ఎట్ల పోతది? తలుపు తియ్యి, గా కోళ్ల గంపనే అడ్డం పెట్టు. కృప ఉయ్యాల జర అవతలి అర్రల కట్టు. సర్ది అని మందు తాపుతున్నవు, గా దగ్గు సర్దిది గాదమ్మా, పొగది.

దేవుడు మిమ్మల్ని సల్లగ సూడాలె. వచ్చే ఆదివారం వస్త. పొగ ఎటు పోతుందో చూసినంకనే పిల్లనెత్తుకుంట.

నీ బిడ్డ,
మంగ