పది పలకలు, ఒక్కటే ఎండ

సూర్యాపేట

తమ్ముడు సతీష్‌కు అక్క అచ్చమ్మ రాసేది. దీవెనలు ఆఖర్న ఇస్త, ముందుగాల తిట్లు తీస్కో.

ఫోన్ చేస్తే "అక్కా, దుకాణంల గిరాకీ ఉన్నది" అని పెట్టేస్తున్నవ్. ఉత్తరమైతే నడుమల కట్ చెయ్యలేవు గద, అందుకే రాస్తున్న.

మా బిడ్డ హిమజ కొడుకు తొట్టెల పండుగకని నేను మిర్యాలగూడ పోంగనే, నువ్వూ మీ బావా కలిసి నా డాబా ఆగం చేస్తరా? వచ్చి మెట్లెక్కి సూస్తే ఆ కొస నుంచి ఈ కొస దాక నీ సోలార్ పలకలే. కాలు పెట్ట జాగ లేదు. ఒరేయ్, ఎండలు ముదిరినయ్. బూడిద గుమ్మడికాయలు తెచ్చి పెట్టుకున్న, సగ్గుబియ్యం నానబోసిన. మా బజారు బజారంత నా వడియాలే కొంటరు. చీరకని మీ బావ ముందట చెయ్యి సాపకుండ బతుకుతున్ననంటే అది ఆ డాబా మీద ఎండ పుణ్యమే. ఇప్పుడు నా వడియాలు ఏడ ఎండబెట్టాలె, నీ నెత్తి మీదనా?

ఇట్లు,
నీ అక్క అచ్చమ్మ

తా.క.: నెత్తి అంటే యాదికొచ్చింది. నీ బట్టతల మీద నాలుగైతే పడతయ్. మిగిలినయి ఏడ పెట్టాలె?


కోదాడ

అక్కకు సతీష్ దండం పెట్టి రాసేది. దండం పెట్టేశాను కాబట్టి ఇక నేనూ తిట్టొచ్చు.

నన్నంటావేంటి? పిలిచింది బావ. మీ ఇంటి కరెంటు వాడకమంతా చూశా. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, బోరు మోటారు, బావ ఒక్కడే పడుకునే ఏసీ. "ఆరు ప్యానెళ్లు చాలు బావా, మిగతా జాగా వదిలెయ్" అని మొత్తుకున్నా. వింటేనా! పక్కింటి పెద్దులు ఎనిమిది పెట్టించాడంట, ఈయనకి పది కావాలంట. వాళ్లింట్లో మూడు కాపురాలున్నాయి, మీరేమో ఇద్దరే గదా అంటే "నా డాబా, నా ఇష్టం" అన్నాడు. అక్కని అడిగావా అంటే "మీ అక్క మాట నేనెప్పుడన్న దాటిన్నా" అన్నాడు. నమ్మడం నాదే తప్పు.

అయినా దక్షిణానికి చెట్టు లేదు, గోడ లేదు, పొద్దస్తమానం ఎండే. ఇంత మంచి డాబా కోదాడ మొత్తం వెతికినా దొరకదు. అంత ఎండని వడియాల పాలు చేస్తానంటావా?

ఇట్లు,
సతీష్

తా.క.: పోయినేడు ఈపాటికి వడియాల డబ్బా వచ్చింది. ఈసారి రాలేదేంటి?


సూర్యాపేట

సతీష్‌కు అచ్చమ్మ రాసేది.

వడియాల పాలా? కంచంల వడియం లేదని అన్నం మీదికెళ్లి లేచిపోయినోడివి నువ్వేనా ఈ మాట అనేది?

కరెంటు వాడకం అడిగినవ్. ఫ్యాన్లు అడిగినవ్, మోటారు అడిగినవ్. ఎండ వాడకం ఎంతని ఒక్కసారన్న అడిగినవా రా? ఆ ఇల్లు కట్టిన కాడి నుంచి ఆ ఎండ వాడుతున్నది నేను. సూర్యుడేమన్న మీ దుకాణంల సామానా, నచ్చినోనికి బిగించి పోనీకె?

మీ బావతోని మాట బంద్. ఆ ఏసీనే బువ్వ వండి పెట్టమన్న. ఇగ నువ్వు పలకలు తీస్తవా, తియ్యవా? తియ్యకపోతే నా తిప్పలేదో నేను పడత. తర్వాత నన్ను అనొద్దు.

ఇట్లు,
ఎండ లేని అక్క

తా.క.: డబ్బా అడిగినవ్ గద. కోదాడ బస్సుల ఖాళీది పంపుతున్న. వాసన చూసుకో.


కోదాడ

అక్కా, దండం. గొడవ తర్వాత, ముందు ఇది చెప్పు.

మీ ప్యానెళ్లు ఎంత కరెంటు తీస్తున్నాయో నా ఫోన్లో కనపడతది. పొద్దున్నే బాగుంటది. పొద్దెక్కగానే పడిపోతది. చీకటి పడబోయే ముందు మళ్లీ కాస్త లేస్తది. మబ్బుందా అంటే, రోళ్లు పగిలే ఎండ! బిల్లు తగ్గలేదని బావ ఫోన్లో నన్ను దొంగ అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, గిరాకీ అంతా విన్నారు.

పెద్దులు ఏమన్నా పందిరి లేపాడా? ట్యాంకు నీడ పడుతుందా? కోతులెక్కి కూర్చుంటున్నాయా?

ఇట్లు,
సతీష్

తా.క.: ఖాళీ డబ్బా వెనకే వడియాల డబ్బా కూడా అందింది. కోపం పోయిందన్నమాట. ఏం ఎండాయక్కా! ఇంత గలగలా ఎప్పుడూ లేవు. ఎవరి డాబా మీద పెట్టావు?


సూర్యాపేట

సతీష్‌కు అచ్చమ్మ రాసేది.

కోపం పోలే. వడియాలు ఎక్కువైనయ్, పంపిన.

లింగమంతుల సామి మీద ఒట్టు, పలకల మీద చెట్టు నీడ లేదు, పెద్దులు నీడ లేదు, కోతి నీడ సుత లేదు. పొద్దుగాలనే తుడుస్తున్న, పొద్దుందాక పైన్నే కావలుంటున్న. నా అసుంటి కావలి నీకేడా దొరకది. ఇంత చేసినా కరెంటు రాలేదంటే నీ సామానే ఖరాబ్.

ఇట్లు,
అచ్చమ్మ

తా.క.: మిర్యాలగూడ నుంచి హిమజ అత్తగారు ఇంకో డబ్బా అడిగింది. ఈయేడు అడిగినోళ్లకు లేదనకుండ ఇస్తున్న.


కోదాడ

అచ్చమ్మ గారికి,

అక్కా అనడానికి కూడా నోరు రావట్లేదు.

ఇన్వర్టర్ మార్చా, వైర్లు మార్చా. మా మెకానిక్‌లు పొద్దున్నే వస్తే అన్నీ బాగానే పనిచేశాయంట. నువ్వేమో ఉప్మా పెట్టి, తినీ తినకముందే సాగనంపావంట. వాళ్లిటు రాగానే మళ్లీ పడిపోయింది. నిన్న బావ కోదాడ వచ్చి, నా దుకాణం ముందే నిలబడి, "సొంత అక్కనే ముంచినోడు మిమ్ముల ఇడుస్తడా?" అని వచ్చినవాళ్లని వచ్చినట్టే వెనక్కి పంపాడు. నా దుకాణం మూతపడితే మీకు సంతోషమా?

సోమవారం వస్తున్నా. పది ప్యానెళ్లూ విప్పుకుపోతా. నీ డాబా నీకు, నీ ఎండ నీకు. ఖతం.

ఇట్లు,
సతీష్ సోలార్స్

తా.క.: ఒక వడియానికి ఎర్ర దారప్పోగు అంటుకుని ఉంది. నీ పాత చీరదే. డబ్బాలో పోసేముందు కాస్త చూసుకో.


సూర్యాపేట

నా బంగారు తమ్ముడు సతీష్‌కు అక్క రాసేది.

పలకల మీద చెయ్యేసినవో, చెయ్యి ఇరుగుతది.

ఆ దారప్పోగు నా ఎర్రంచు చీరదే. అది తడిపి నీ పలకల మీద పరిచి, మూలలకు కట్టి, దాని మీదనే వడియాలు పెడుతున్న. మొదటి రోజు కోపానికే పెట్టిన, మీ కరెంటు సచ్చిపోవాలెనని. మాపటికి సూస్తే ఏముంది! పై నుంచి ఎండ, కింది నుంచి అద్దం కాక. సాప మీద ఎన్ని దినాలైనా మెత్తగుండేటియి ఒక్క పూటల గలగలలాడినయ్. చీమ రాదు, దుమ్ము రాదు. వాలుగ ఉన్నయి గద, నడుం వంచే పని లేదు, నిలబడి పెడుతున్న. ఈయేడు నడుం నొప్పి అని ఒక్కనాడు మూలగలేదురా.

ఇగ ఫైసలా విను. ఆరు చాలని నువ్వే అన్నవ్. ఆ ఆరు మీ బావ కరెంటుకు. నాలుగు నాయి. వాటికి వైరు పీకు, పలక పీకకు. మీ బావకు ఉన్న ముచ్చట చెప్పిన. పెద్దులుకన్న తక్కువైతదని మొకం మాడ్చిండు. "పైన పదే కనపడతయ్, వైరు ఎవడు సూస్తడు?" అన్న. అప్పుడు నిమ్మళమైండు. రేపు నీ దుకాణం ముందట్నే నిలబడి, నా బామ్మర్ది అసుంటోడు లేడని చెప్తడు. చెప్పకపోతే మళ్ల ఏసీనే వండి పెడతది.

దీవెనలు బాకీ ఉన్న గద. సల్లగుండమని దీవిస్తే నీ యాపారానికే నష్టం. ఎండలు మంచిగ కొట్టాలె, నువ్వు మంచిగుండాలె.

ఇట్లు,
నీ అక్క అచ్చమ్మ

తా.క.: పెద్దులు పెండ్లాం వచ్చి నా పలకలు సూసిపోయింది. మొగనికి తెల్వకుండ నాలుగు కావాలంటది. మీ ఇంట్ల కరెంటు వాడకం ఎంతని అడగకు. వడియాలు ఎన్ని పెడతదో అడుగు.