పది నిమిషాల పద్యం

హాలిఫాక్స్, 1851 మార్చి 9

టబితా అక్కా,

మా కార్మికుల పత్రికలో పద్యం విలువను దానికి పట్టిన శ్రమను బట్టే కట్టాలని బల్ల గుద్ది నియమం పెట్టించింది నేనే. ఈ నెల ఒక్క పద్యానికే చోటుంది. నా శ్రమగీతానికి రెండు వందల పదకొండు గంటలు పట్టింది. అమ్మ పోయాక నువ్వు రాసిన ఎనిమిది పంక్తులకు, రొట్టె పొయ్యిలో ఉండగా పది నిమిషాలు పట్టిందని, పద్యంతో పాటు పంపే శ్రమ లెక్క పత్రంలో నువ్వే నింపావు.

నిన్న రెండూ సభలో చదివాను. నాది వింటూ ఇద్దరు నిద్రపోయారు. నీది విన్నాక, మా పత్రికకు అచ్చు అక్షరాలు కూర్చే ముసలి ఎజ్రా కళ్లు తుడుచుకుని, "ఒరే అబ్బాయ్, నీ గంటలు నువ్వే ఇంటికి పట్టుకెళ్లు. మీ అక్కది ఇలా తే" అన్నాడు. నియమం ఒప్పుకోదని అరిచాను. నియమం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.

తప్పు నీ లెక్కలో ఉంది. అమ్మ మంచం పట్టిన పద్నాలుగు నెలలూ పక్కన కూర్చున్నది నువ్వు. నేను సభల్లో ఉన్నాను. అందుకని నీ పత్రం తిప్పి పంపుతున్నాను. పది నిమిషాలు కొట్టేసి, పద్నాలుగు నెలలని రాసి, శుక్రవారంలోగా పంపు. అందులో అబద్ధమేమీ లేదు.

నీ తమ్ముడు