ఆరూ ఇరవై బస్సులో సున్నా మంది

నగర రవాణా శాఖ, బస్సు మార్గాల విభాగాధికారి గారి సముఖమునకు
షికెంగ్ కొండ ఊరి వెదురు రైతు కాంగ్ థియెన్-షెంగ్ (వయసు 67) వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: షికెంగ్ నుండి హెకౌ కూడలి మెట్రో స్టేషన్‌కు పోవు ఉదయం 6.20 బస్సును ఎక్కేవారు సున్నా అని తేల్చి, వచ్చే నెల ఒకటి నుండి రద్దు చేయుట గురించి. సదరు సున్నాల తరఫున విన్నపం.

మూడు రోజులుగా కొండ మీద సన్నటి వాన. అయినా తెల్లవారక ముందే వెదురు కొమ్ములు, అంటే కూరకు పనికొచ్చే లేత మొలకలు, తవ్వేశాను. ఎండ తగిలితే కొమ్ము కొన పచ్చబడుతుంది. పచ్చబడితే చేదు. చేదైతే పట్నంలో ఎవరూ ముట్టరు. కాబట్టి తవ్వినవి బుట్టకెత్తి 6.20 బస్సులో హెకౌకి, అక్కడ లిఫ్టులో మూడో అంతస్తుకి, అక్కడి నుంచి మెట్రోలో మార్కెట్టుకి. మా ఊళ్లో పదకొండు మందిమి బతికేది ఇలాగే. తమరి నోటీసు బస్సు స్టాపులో అంటించగా చదివి, దిగువ సంగతులు మనవి చేస్తున్నాను.

1. మూడు నెలల్లో ఒక్కరూ ఎక్కలేదని బస్సులోని కార్డు యంత్రం చెప్పింది. యంత్రం అబద్ధమాడలేదు. మేమే దానికి మా వృద్ధుల ఉచిత ప్రయాణ కార్డు ఆనించలేదు. డ్రైవరు పేరు లో జూ-కెన్, మా ఊరి అల్లుడు. మూడు నెలల క్రితం అతను ఈ బస్సుకు కొత్తగా వచ్చిన రోజున యూ మెయ్-లువాన్ అత్తకీ (81) అతనికీ జరిగిన మాటలు ఇవి:

"అత్తా, కార్డు ఆనించు."

"ఏంటల్లుడూ, పిల్లనిచ్చిన ఊరినే టికెట్టు అడుగుతున్నావా?"

"టికెట్టు కాదత్తా, నీకు ఉచితమే. ఊరికే ఆనిస్తే చాలు."

"ఉచితమైతే ఆనించడం దేనికి? ఆనిస్తే ఆ చార్జీ సర్కారు కట్టాలి, సొమ్ము దండగ! నువ్వు బండి పోనీ."

అప్పటి నుంచి అతను అడగడం మానేసి, తన టోపీని ఆ యంత్రానికే తగిలిస్తున్నాడు. మేము ప్రభుత్వానికి ఆదా చేస్తున్నామనుకున్నాం. మెచ్చుకుంటూ ఉత్తరం వస్తుందని ఒకరిద్దరు ఎదురుచూశారు కూడా. వచ్చింది నోటీసు.

2. మెట్రో గేటు మా అల్లుడు కాదు. కార్డు ఆనించనిదే తెరుచుకోదు. కావున హెకౌ స్టేషన్ రెండో గేటు లెక్కలు తెప్పించుకొని చూడవలెను. రోజూ 6.50 ప్రాంతంలో పదకొండు వృద్ధుల కార్డులు వరసగా పడతాయి. ఆ వేళకి స్టేషన్ కింద ఆగే కొండ బస్సు మాదొక్కటే. మేము అందులో రాకపోతే మూడో అంతస్తుకి ఎలా చేరామో తమరే సెలవియ్యవలెను. మేము కొంగలము కాము.

3. బదులుగా 8.40 బస్సు ఎక్కమని నోటీసులో వ్రాసినారు. అది స్టేషన్‌కు అవతలి వైపు ఆగుతుంది. బుట్టతో వంతెన దాటాలి. అలా దాటి, పదింటికి మార్కెట్టు చేరిన కొమ్మును తమరొకసారి ఉడికించుకొని తినవలెను. తర్వాత మాట్లాడుకుందాం.

4. నిన్న తమ ఆఫీసుకు ఫోను చేయగా గుమాస్తా గారు, "నువ్వు బస్సెక్కినట్టు రుజువేంటి పెద్దాయనా?" అన్నారు.

"ఎక్కనివాణ్ణయితే రద్దు చేస్తే నాకేంటి బాబూ బాధ?" అన్నాను.

"రికార్డులో లేవుగా మరి."

"ఫోనులో ఉన్నానుగా!"

పెట్టేశారు. ఈ సంభాషణ అయినా రికార్డులో ఉంచవలెను.

5. డ్రైవరు జూ-కెన్ మీద ఏ చర్యా తీసుకోరాదు. అతను అత్తకు భయపడ్డాడు. మేమందరమూ భయపడతాం.

ఇదంతా చిత్తగించి, ఇంకొక్క మూడు నెలలు బస్సును నడిపించి, ఆ పిమ్మట లెక్క చూడవలెను. ఆ బస్సు లేకపోతే ఈ ఏడాది కొమ్ములు తోటలోనే వెదుళ్లవుతాయి.

తమ విధేయుడు, ఇంకా లెక్కకు రానివాడు,
కాంగ్ థియెన్-షెంగ్

తా.క. ఈ ఉదయం 6.20కి బస్సు బయలుదేరింది. జూ-కెన్ టోపీ తన నెత్తినే పెట్టుకున్నాడు. పదకొండుమందిమీ కార్డులు ఆనించాం. మెయ్-లువాన్ అత్త, లెక్క పెరుగుతుందని, నాలుగేళ్ల క్రితం పోయిన మామ కార్డు కూడా తెచ్చి ఆనించింది. యంత్రం ఒప్పుకోలేదు. "బతికున్నప్పుడూ ఆయన్నెవరూ లెక్కపెట్టలేదులే," అని కూర్చుంది. 6.48కి హెకౌలో దిగాం. దిగేటప్పుడు మళ్లీ ఆనించాలట. ఇద్దరం మరిచాం, అత్తా నేనూ. యంత్రం లెక్కన మేమిద్దరం ఇంకా బస్సులోనే ఉన్నాం. 6.55 రైలులో అందరం వెళ్లాం.