సరిచేశాక మాటెందుకు?

అమ్మకు,

నీ పెద్దది నమస్కారాలతో రాస్తున్నది. నేను క్షేమంగానే ఉన్నాను. ఆ 'గానే' చూసి కంగారు పడకు, ఒంటికేమీ కాలేదు. నువ్వూ తమ్ముడూ బాగున్నారని, నీ మోకాలి నొప్పి మెట్లెక్కనిచ్చేంతగా తగ్గిందని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. దగ్గు పోయింది. వేళకు తింటున్నాను. అబద్ధం, గుర్తొచ్చినప్పుడు తింటున్నాను. గది మారలేదు. కిటికీ తీస్తే సరుకుల గోదాం గోడ, దాని మీద వాన మరకలు. పక్క వాటాలో ఎవరుంటారో ఇప్పటికీ తెలియదు, వాళ్ల అలారం మోత మాత్రం బాగా పరిచయం. ఆకాశంలో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు రేడియోలో నన్ను పిలుస్తూనే ఉంటారు. పిలిచేది విమానం నంబరుతో. కిందికి దిగాక ఆ పిలుపూ ఉండదు.

"ఫోన్లో ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నావు, ఏం దాస్తున్నావే?" అని కూడా అడిగావు. దాచిన మాట నిజమే. నీ గొంతు వింటూ చెప్పలేక కాగితం పట్టుకున్నాను.

మా కెప్టెన్ గురించి కిందటిసారి రాశాను కదా, చాటుగా అందరూ ఆయన్ని 'రాయి' అంటారని. బెల్లం కొట్టిన రాయి. విమానం దిగేముందు పక్క సీట్లోని నేను ఒక చిన్న పట్టీ చదవాలి. లాండింగ్ గేర్, అదే చక్రాలు, కిందికి దిగాయా, రెక్కల ఫ్లాప్స్ సరిగా ఉన్నాయా, లైట్లు వెలిగాయా అని ఒక్కొక్కటీ నేను అడగడం, ఆయన చూసి జవాబివ్వడం. ఆ జవాబులు తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు. చెయ్యి మాత్రం బంగారం. ఎంత గాలి కొట్టినా ఆయన నడుపుతుంటే మీటర్ల ముల్లు వెంట్రుకవాసి కదలదు. ఏ తేడా కనిపించినా పక్కవాళ్లు పైకి చెప్పాలి, నడిపేవాళ్లు విన్నట్టు బదులివ్వాలి. మా పనిలో అది ఓనమాల పాఠం. నేను "స్పీడ్" అంటే ఆయన చెయ్యి కదిలేది, పెదవి కదిలేది కాదు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "సార్, నేను చెప్పింది వినబడిందని ఒక్క మాట అనండి."

"సరిచేశాను కదమ్మా, ఇంక మాటెందుకు?" అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

అంతటితో నేనూ ఊరుకున్నాను.

కిందటి నెల వాన మబ్బుల్లోంచి దిగుతున్నాం. పట్టీ చదవడం అయిపోయింది, రన్‌వే దీపాలు కనిపించాయి. స్పీడ్ తగ్గుతుంటే చూసి చెప్పాను. ఆయన పలకలేదు. ఆయన ఎప్పుడు పలికారు గనక? చెయ్యి కదులుతుందని చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. విమానం ముక్కు దీపాల వరసలోంచి పక్కకు జరుగుతోంది. ఆ చేతికింద విమానం అలా జరగడం నేనెన్నడూ చూడలేదమ్మా.

"సార్! స్పీడ్!" అని అరిచి తల తిప్పాను. ఆయన మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి.

రెండుసార్లు పిలిచినా పలక్కపోతే విమానాన్ని రెండోవాళ్లు చేతిలోకి తీసుకోవాలి. "నేను తీసుకుంటున్నాను సార్" అన్నాను. ఇంజన్ల జోరు పెంచి మళ్లీ మబ్బుల్లోకి ఎక్కించాను. నేను పిలవగానే వెనకనుంచి సీనియర్ హోస్టెస్ పరుగున వచ్చి ఆయన్ని సీట్లో వెనక్కి లాగి పట్టుకుంది. చుట్టు తిరిగొచ్చి దించాను. పట్టీ నేనే చదివాను, జవాబులూ నేనే చెప్పుకున్నాను. చక్రాలు నేలను తాకగానే ప్రయాణికులు చప్పట్లు కొట్టారట. నాకు వినబడలేదు.

ఆ రోజునుంచి అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. మెచ్చుకుని పక్కకి తప్పుకుంటున్నారు. నేను వెళ్తే సిబ్బంది గదిలో కబుర్లు ఆగిపోతాయి. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమన్నారు. ఏ ఇంటిపట్టున?

మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ మధ్య నేను ఆగాను. మళ్లీ చెబితే విసుక్కుంటారేమోనని ఆగాను. వెనక అంతమంది ప్రాణాలుండగా నేను మర్యాద చూసుకున్నాను. విచారణలో దాచకుండా చెప్పాను. "అందరూ అలాగే ఆగుతారు" అన్నారు. అందరూ అలాగే అయితే నాకు నిద్రెందుకు పట్టదు?

ఆయన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. నన్ను చూసి ఏదో చెప్పబోయి, రాక, మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఎందుకన్నానో తెలియదు, "లాండింగ్ గేర్?" అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. "డౌన్" అన్నారు.

"ఫ్లాప్స్?"

"సెట్."

"లైట్లు?"

"ఆన్."

ఏళ్ల తరబడి నాలుకకి అలవాటైనవి ఒక్కొక్కసారి అలా మిగిలిపోతాయని తర్వాత డాక్టర్ చెప్పాడు. ఆవిడ మాత్రం స్టూలు మీంచి లేచి నిలబడిపోయింది.

"ఇన్నేళ్ల కాపురంలో అడగ్గానే జవాబు చెప్పడం ఇదే చూడ్డం" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. నన్ను వరండాలోకి తీసుకెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఆ ప్రశ్నలేవో నాకూ నేర్పించమ్మా. నేనడిగినా చెబుతారేమో."

అక్కడే నిలబడి నేర్పించాను. చిన్నపిల్లలా వల్లె వేసుకుని లోపలికెళ్లి, మంచం అంచున కూర్చుని, "గేరు?" అంది.

ఆయన చాలాసేపు ఆవిడ మొహమే చూశారు. "డౌన్."

ఆవిడ కంగారులో మధ్యది వదిలేసి, "లైట్లు?" అంది. ఆయన బాగున్న ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. "ఫ్లాప్స్" అన్నారు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

వచ్చే వారంనుంచి మళ్లీ డ్యూటీకి రమ్మన్నారు. వెళ్తాను, భయం లేదు. భయం గదికి తిరిగి వచ్చాకనే. గది చిన్నది, నీకు ఇరుకవుతుందని ఇన్నాళ్లూ నిన్ను రావద్దన్నాను. గది ఇరుకు కాదమ్మా, పలకరించేవాళ్లు లేక నేనిలా ఉండటం నువ్వు చూడకూడదనుకున్నాను. తమ్ముణ్ణి నాలుగు రోజులు వండుకు తినమని చెప్పి నువ్వు రా. నువ్వేమీ చెయ్యక్కర్లేదు. నేను చెబుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టు, చాలు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
నీ పెద్దది