కుడి చెవి గురించి

1వ తేదీ

కంచెల కంపెనీ భద్రతాధికారి గారికి నమస్కారం.

ఇప్పుడే రాయాల్సిన కారణం చెబుతాను. పదిహేనో తేదీన మీ కొత్త కంచె పని మొదలవుతుంది. ఈలోగా చెవులు మూసే కప్పులు రాకపోతే నాన్నకి మిగిలిన కుడి చెవి కూడా పోతుంది. ఇనుప రాటలను నేలలోకి దించే పెట్రోలు మిషనును ఆయన ఆరేళ్లుగా పట్టుకుంటున్నాడు. ఎడమ చెవి ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక మిషనుతో వచ్చిన పుస్తకం చదివాను. కప్పులు లేకుండా నడపకూడదని తొమ్మిదో పేజీలో ఉంది. దయచేసి పంపండి.

ఇట్లు,
మిషను పట్టే ఆయన కూతురు

తా.క. ఆ పేజీ నాన్నకి చదివి వినిపించాను. పక్కవీధివాళ్లు కూడా విన్నారు.

4వ తేదీ

అమ్మా,

భద్రతే మా ఊపిరి. అయితే పుస్తకం చదివి రాతపరీక్ష పాసైనవారికే కప్పులు ఇస్తాం. ప్రశ్నపత్రం జతచేశాం.

భద్రతాధికారి

తా.క. సందేహాలుంటే మీ తండ్రిగారిని ఫోన్ చేయమనండి.

6వ తేదీ

అయ్యా, నమస్కారం.

నాన్న చెప్పాడు, నేను రాశాను. మూడో ప్రశ్న, మధ్యలో పెట్రోలు అయిపోతే ఏం చేస్తారని. "ఏం చేస్తానే తల్లీ, మిషను ఆపి చల్లారేదాకా కూర్చుంటా. మేస్త్రి తిడతాడు. వేడి మీద పోస్తే ఆ తిట్లు తినడానిక్కూడా మిగలను" అన్నాడు. మేస్త్రికి పెట్టిన పేర్లు తీసేసి మిగతాదంతా రాశాను.

ఇట్లు,
ఆయన కూతురు

తా.క. అయిదో ప్రశ్న, చెవులకు ఏం పెట్టుకుంటారని. నాన్న "ఏంటీ?" అన్నాడు. అదే రాశాను.

9వ తేదీ

అమ్మా,

అభినందనలు. చేతిరాత మీది కనుక పాసైనది మీరే. మీ పేరిట మిషను నడిపే కార్డు, ఒక జత కప్పులు పంపుతున్నాం. చదువు రాని మీ తండ్రిగారు ఇకపై మిషను ముట్టుకోరాదు.

భద్రతాధికారి

తా.క. "ఏంటీ?" అన్నదానికి పది మార్కులు తగ్గించాం.

16వ తేదీ

అయ్యా,

మీ ఉత్తరం చదివి ఒక పూట ఏడ్చాను. తర్వాత పుస్తకం మళ్లీ చదివాను. ఆపైన మిగతా తొమ్మిదిమంది మిషనువాళ్ల పరీక్షలూ, వాళ్లనడిగి, నేనే రాసి పంపాను. అనుకున్నట్టే, చేతిరాత నాదని తొమ్మిది పేర్లూ కొట్టేసి, వాళ్లూ మిషను ముట్టుకోరాదన్నారు.

నిన్న మేస్త్రి ఇంటికొచ్చాడు. "చదువుల తల్లీ, కార్డున్నది నీకొక్కదానికే. వచ్చి మిషనెత్తు" అన్నాడు. వెళ్లాను. మిషనును రాట తల మీదికి ఇద్దరు ఎత్తాలి, ఇద్దరికీ కార్డులుండాలి అని పన్నెండో పేజీ. లేకపోతే కార్డున్న మనిషి పని ఆపాలి అని ముప్పై ఒకటో పేజీ. ఆపేశాను.

"ఎవరు నేర్పారే నీకిది?"

"మీ కంపెనీయే. నూటికి తొంభై కూడా ఇచ్చింది."

ఎనిమిది వందల రాటలు నేల మీద పడున్నాయి. మిగిలిన తొమ్మిది జతలు పంపండి. పరీక్ష నోటితో పెట్టి పదిమందికీ కార్డులివ్వండి. అంతదాకా మిషను మోగదు. పదిళ్లలో ఒంటిపూట తింటున్నారు, అయినా సరేనన్నారు.

ఇట్లు,
మీ కార్డున్న ఏకైక మనిషి

తా.క. మీరు పంపిన జతను నాన్నకి పెట్టాను. మిషనే ఆగిపోయాక ఇవెందుకన్నాడు. మేస్త్రి నోరు ఆగలేదుగా అన్నాను. ఇరవయ్యో తేదీ లోగా జవాబు రాయండి.